హోమర్ చెట్టు పాకం

డెప్యూటీ షెరీఫ్ కోయ్ టేటమ్ నా తియ్యరొట్టె రోల్స్ ట్రేని ప్లాస్టిక్ సంచిలోకి దించి మూతి బిగించాడు. అంబులెన్స్ వెళ్లి ఇంకా అరగంట కాలేదు.

చర్చి హాల్లో డెబ్భై మంది దాకా ఉన్నాం. ఆరాధన అయ్యాక తలా ఒక వంటకం తెచ్చి కలిసి భోంచేసే ఆదివారం అది. ఎవరి ప్లేటు వాళ్ల చేతిలోనే ఉంది, ఎవరూ నమలడం లేదు. పియానో పక్కన నేల మీద ఒలికిన కాఫీ, అందులో తడిసిన నాప్‌కిన్, సగం కొరికిన రోల్. దాన్ని కొరికింది క్లోటీ బార్‌ఫీల్డ్. యాభై ఏళ్లుగా మా చర్చి పియానో వాయిస్తున్న మనిషి. "కాళ్లు తేలిపోతున్నాయే పిల్లా" అంది నాతో. నా చెయ్యి అందుకోబోయింది. అందలేదు. పియానో మూలకి తల తగిలి పడిపోయింది.

"రెనెటా, దీంట్లో ఏమేం వేశావో చెప్పు," అన్నాడు కోయ్.

"నేనేం కలపలేదు కోయ్."

"కలిపావని ఎవరన్నారు? ఏం వేశావని అడిగాను. ఆసుపత్రి వాళ్లు అడుగుతున్నారు."

"పిండి, వెన్న, పంచదార, సత్సుమా నారింజ తొక్క తురుము. పైన పాకం."

"పిండి అంటే? మైదా, ఈస్టు, గుడ్లు..."

మా అత్తగారు ఊయిడా సగ్స్, ఊరంతా మిస్ ఊయిడా అని పిలిచే మనిషి, కాఫీ బల్ల పక్కన నిలబడి ఉంది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కానీ అవతల క్లోటీ ప్రాణం మీదకొచ్చింది. నేను చెప్పేశాను.

"దుకాణంలో కొన్న పిండి. గడ్డకట్టించి అమ్ముతారు చూడు, ఆ ముద్దలు."

హాలంతా ఒక్కసారి "ఆఁ!" అని గుండెలు పట్టుకుంది. క్లోటీ పడ్డప్పుడు కూడా అంత చప్పుడు రాలేదు.

"కొన్న పిండా?" అంది వెర్లీన్ హాడ్జ్. ఆవిడ నోరు ఎక్కడా ఆగదు. "ఊయిడా! నలభై ఏళ్ల నుంచీ పొద్దున్నే లేచి పిసుకుతున్నానని చెబుతున్నావు కదే! నీ నడుం నొప్పి కోసం మేం ప్రార్థన కూడా చేశాం!"

"అవతల మనిషి చావుబతుకుల్లో ఉంటే నీకు పిండి గొడవేంటి వెర్లీన్?" అంది మిస్ ఊయిడా. మెడ మాత్రం ఎర్రగా కందిపోయింది.

నిజానికి ఆ రోల్స్ చెయ్యడం అంత తేలిక ఇంకోటి లేదు. ముందురోజు పిండి ముద్దని ఫ్రిజ్‌లో కిందికి దించితే పొద్దుటికి మెత్తబడుతుంది. దాన్ని వెడల్పుగా ఒత్తి వెన్న రాయాలి. పంచదారలో సత్సుమా తొక్క తురుము వేసి వేళ్లతో నలపాలి. పంచదార తడిసి, నారింజ రంగు తిరిగి, వంటిల్లంతా వాసన కొట్టేదాకా నలపాలి. దాన్ని పిండి మీద చల్లి, చాపలా చుట్టి, కుట్టుదారంతో ముక్కలు కొయ్యాలి. కత్తి పెడితే అణిగిపోతాయి. గంటసేపు పొంగనిచ్చి కాల్చి, వేడి మీదే పాకం పొయ్యాలి. ఇదంతా నేనే చేస్తాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్ల నుంచీ నేనే చేస్తున్నాను, పేరు ఆవిడది.

పాకం ఒక్కటే ఆవిడ సొంతం. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇలాంటిది ఒకటుంటుంది, ఎవరికీ చెప్పని వంటకం. మా ఇంట్లో అది పాకం. అది కాచేటప్పుడు వంటింటి తలుపు వేసేస్తుంది, నన్ను కూడా రానివ్వదు. సీసాల్లో పోసి చల్లారాక నా చేతికిస్తుంది.

కోయ్ ఫోన్ మోగింది. రెండు మాటలు విని నాకందించాడు. "డాక్టర్ ఫైస్ట్. నీతోనే మాట్లాడాలట."

"రోల్స్ చేసింది మీరేనా?" అవతలి ఆడగొంతు హడావుడిగా ఉంది.

"అవునమ్మా."

"తల దెబ్బ పెద్దది కాదు. కానీ బీపీ నిలబడటం లేదు. ఆవిడ వేసుకునే బీపీ మాత్ర మోతాదు మించితే ఇలాగే ఉంటుంది. చేతిసంచిలో మాత్రల డబ్బా చూశాం, ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోలేదు. ఆ మాత్ర వేసుకునేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, పుల్లనారింజ తినకూడదు. తింటే ఒక్క మాత్ర మూడు మాత్రల పని చేస్తుంది. ఆ రెండింట్లో ఏదైనా వేశారా?"

"లేదమ్మా. సత్సుమా ఒక్కటే."

"సత్సుమాతో ఇబ్బంది లేదు. పాకంలో?"

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి మిస్ ఊయిడా వైపు తిరిగాను. నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. డాక్టర్ గొంతు ఆవిడకీ వినిపిస్తోంది.

"పాకంలో ఏముంది?"

"సత్సుమా."

"ఇంకేం లేదా?"

"మన పెరట్లో హోమర్ చెట్టు సత్సుమా, పంచదార, వెన్న. చెప్పు ఆవిడకి. నిలబడి చూస్తావేంటి?"

"సత్సుమాయే అమ్మా," అన్నాను ఫోన్లో.

"ఖాయంగా?"

"ఖాయంగా."

"సరే, అయితే అది కాదు. గుండె సంగతి చూస్తాం." పెట్టేసింది.

ఖాయంగా అన్న ఆ మాట నాది. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

మిస్ ఊయిడా ఫోన్ అందుకుని కోయ్‌కి ఇవ్వబోయింది. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలు. కొన్ని మానిపోయినవి, కొన్ని నిన్నటివి.

"చేతికేమైంది?" అన్నాను.

"పిల్లి గీరింది."

"మనకి పిల్లి లేదు కదా."

"వెర్లీన్ పిల్లి."

"నా పిల్లి చచ్చి రెండేళ్లయింది ఊయిడా," అంది వెర్లీన్.

మిస్ ఊయిడా చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. అందరి పేర్లూ రాసుకునేదాకా కోయ్ ముప్పావుగంట ఎవరినీ కదలనివ్వలేదు. అవగానే నేను నా చేతిసంచీ తీసుకుని బయటికి నడిచాను. కోయ్ వెనక నుంచి, "ఎక్కడికి? నువ్వు ఊరు దాటకూడదు," అన్నాడు. "ఊరు దాటను. మా పెరట్లోకే," అన్నాను.

మా నాన్న ముప్పై ఏళ్లు నర్సరీలో సత్సుమా మొక్కలకి అంటు కట్టాడు. సత్సుమా అంటే మా తీరంలో పండే గింజల్లేని తియ్యనారింజ. తొక్క వదులుగా ఉండి పిల్లలు కూడా ఒలుచుకోగలిగే పండు. ఆ చెట్టుకి ముళ్లుండవు. నా చిన్నప్పుడు మా నాన్న చేతులు గీసుకుపోయి ఉండేవంటే, అంటు కట్టే కింది మొక్క వల్ల. అది పుల్లనారింజ. దాని నిండా ముళ్లు.

మరి మిస్ ఊయిడా చేతి మీద ఆ గీతలు? మా మామగారు హోమర్ నాటిన సత్సుమా చెట్టుకి ముళ్లెక్కడివి?

దారి పొడుగునా నాకు క్లోటీ గుర్తొస్తూనే ఉంది. నేను కోడలిగా ఈ ఊరు వచ్చిన కొత్తలో చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నేను అవతలి జిల్లా మనిషిని, నర్సరీ కూలీ కూతుర్ని. క్లోటీ పియానో బల్ల మీద కొంచెం జరిగి, "ఇలా రా పిల్లా, పేజీలు తిప్పుదువు," అంది. నాకు స్వరాలు రావన్నాను. "నేను తల ఊపినప్పుడు తిప్పు, చాలు," అంది. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో గిన్నెలు కడిగింది. ఎవరి చేత్తోనూ కాఫీ తాగలేదు, తనే పెట్టుకుంది.

కారు సగం రోడ్డు మీదే వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను.

 హోమర్ పోయిన ఏడాదే, నాలుగేళ్ల కిందట, మా తీరంలో ఎన్నడూ లేనంత మంచు పడింది. ఆయన చేత్తో నాటిన సత్సుమా నేలమట్టంగా చచ్చిపోయింది. తర్వాతి వసంతంలో మొదలు నుంచి ఒక చిగురు లేచింది. మిస్ ఊయిడా చర్చిలో నిలబడి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది, దేవుడు హోమర్ చెట్టుని మళ్లీ లేపాడని. అప్పటి నుంచీ ఆ చెట్టు దగ్గరికి ఎవరినీ రానివ్వదు. "అది నాకూ హోమర్‌కూ మధ్య విషయం," అంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి కదా అని నేనూ వెళ్లలేదు. ఈ ఏడాది మొదటి కాపు. నీళ్ల మోటారు గది వెనక, మంచు పడకుండా పాత దుప్పట్లు కప్పి ఉంచింది.

దుప్పటి లాగేశాను.

వేలెడు పొడుగు ముళ్లు. ఆకు కాడకి ఇరువైపులా రెక్కలు, సత్సుమాకి అంత వెడల్పుగా ఉండవు. వంగి మొదలు చూశాను. మా నాన్న కట్టే చోటే, నేలకి జానెడు ఎత్తున, పాత అంటు మచ్చ ఉంది. దానిపై భాగమంతా ఎండిపోయిన మోడు. ఈ చెట్టు లేచింది ఆ మచ్చకి కింద నుంచి.

హోమర్ నాటిన సత్సుమా లేవలేదు. దాని కింది పుల్లనారింజ మొద్దు లేచింది.

ఒక పండు కోసి గోళ్లతో చీల్చాను. మందపాటి తొక్క, లోపల ఇరవై గింజలు. నాలుక మీద పెట్టుకున్నాను.

ఆ చేదు నాకు కొత్త కాదు. నాలుగు వారాలుగా రోల్స్‌లో అదే చేదు. మొదటిసారి నేనే రుచి చూసి, "పాకం చేదుగా ఉందేమో," అన్నాను. "పాకం కాదు, నీ తురుము. తెల్లపొర దాకా గీకేశావు. ఇరవై ఆరేళ్లయినా నీకు తొక్క తురమడం రాలేదు," అంది మిస్ ఊయిడా. అందరి ముందూ అంది. నేను క్షమాపణ చెప్పాను. పోయిన వారం తురుము సగానికి తగ్గించి, పంచదార ఇంకో గిన్నెడు పోశాను. అయినా చేదే. నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. ఒక్క పండు కోసి చూస్తే సరిపోయేది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టర్ ఫైస్ట్ వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది.

"పుల్లనారింజ అమ్మా. పాకమంతా అదే. ఒక్క రోల్ కాదు. పోయిన ఆదివారం చర్చిలో అందరికీ తలా ఒక సీసా ఇచ్చారు. వారం నుంచీ పొద్దున్నే రొట్టెకి రాసుకుని తింటున్నానని నాతో చెప్పింది క్లోటీ."



"గంట కిందట మీరు ఖాయంగా అన్నారు."

"అన్నాను."

"కాల్షియం పెట్టండి, త్వరగా!" అని ఎవరితోనో అరిచింది. ఫోన్ కట్టయింది.

వాకిట్లో ట్రక్కు ఆగిన చప్పుడు. నా మొగుడు హార్లన్, వెనక వాళ్లమ్మ.

"దాన్ని ముట్టుకోకు!" అని అరుస్తూ వచ్చింది మిస్ ఊయిడా. నా కాళ్ల దగ్గర దుప్పటి, నా చేతిలో చీల్చిన పండు చూసి ఆగిపోయింది.

"ఇది సత్సుమా కాదు," అన్నాను.

"హోమర్ నాటిన చెట్టు అది."

"హోమర్ నాటింది చచ్చిపోయింది. ఇది దాని కింద మొద్దు. మీకు ఎప్పుడు తెలిసింది?"

"నర్సరీ వాడి కూతురివని పెద్ద డాక్టరులా మాట్లాడకు."

"ఎప్పుడు తెలిసింది?"

ఆవిడ హార్లన్ వైపు చూసింది. హార్లన్ బూట్ల వైపు చూసుకున్నాడు.

"మొదటి పండు కోసిన రోజు," అంది.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? బ్రదర్ లైల్‌కా? ఈ చెట్టు మీద మూడు ఆదివారాలు ప్రసంగం చేశాడాయన. చచ్చింది లేచిందన్నాడు. పక్క ఊరి చర్చి వాళ్లు బస్సు వేసుకొచ్చి కంచె అవతల నుంచే ఫొటోలు దిగి వెళ్లారు. హోమర్ చెట్టు పండు ఎప్పుడు తినిపిస్తావని అందరూ అడుగుతుంటే, లేచింది ముళ్లకంప అని చెప్పనా? పంచదార ఎక్కువేసి కాచాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా!"

"క్లోటీకి అయింది."

"అది నాకేం తెలుసు?"

ఆ మాట నమ్మేదాన్నే. నమ్మాలనే ఉంది నాకు. కానీ అప్పుడే ఒక సంగతి తట్టింది. భోజనాల దగ్గర మిస్ ఊయిడా, క్లోటీ పక్కపక్కనే కూర్చుంటారు. తినే ముందు ఇద్దరూ ఒకేసారి చేతిసంచులు తెరిచి ఒకే రంగు మాత్ర తీసి, విందులో గ్లాసుల్లా ఒకదానికొకటి తగిలించి మింగుతారు. అదో సరదా వాళ్లకి. ఇద్దరికీ ఒకే డాక్టరు. ఒకే మాత్ర.

"మీరు నాలుగు వారాల నుంచీ ఒక్క రోల్ కూడా తినలేదు," అన్నాను.

"నాకు షుగరు."

"అమ్మకి షుగరు కదా రెనెటా," అన్నాడు హార్లన్.

"నిన్న పంచదార కారే పెకాన్-పై రెండు ముక్కలు తిన్నది హార్లన్. నువ్వే వడ్డించావు."

 మిస్ ఊయిడా దుప్పటి ఎత్తి, మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"మాత్రల కాగితం మీద రాసి ఉంది," అంది చివరికి. గొంతు చాలా మామూలుగా ఉంది. "గ్రేప్‌ఫ్రూట్ వద్దు, పుల్లనారింజ వద్దు అని. నేను మానేశాను."

"క్లోటీకి చెప్పలేదు."

"ఏమని చెప్పను? అందరికీ సీసా ఇచ్చి దానికి ఇవ్వకపోతే ఊరుకుంటుందా? అరవై ఏళ్ల స్నేహం. ఎందుకివ్వలేదని అడిగేది. అడిగితే చెప్పాలి. చెబితే వెర్లీన్‌కి చెప్పేది. ఇంక ఊరంతా... ఒకటి రెండు తింటే ఏమవుతుందిలే అనుకున్నాను. సీసా మొత్తం తింటుందని నాకేం తెలుసు?"

"గంట కిందట డాక్టర్ అడిగినప్పుడు? పక్కనే ఉన్నారు. అన్నీ విన్నారు. సత్సుమా అని నా చేత చెప్పించారు."

"అందరూ చూస్తున్నారు కదే," అంది. అంతే అంది.

హార్లన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "సరే, డాక్టర్‌కి చెప్పేశావు కదా. వాళ్లు చెయ్యాల్సింది వాళ్లు చేస్తారు. ఇంక ఎవరు వేశారన్నది వాళ్లకి అవసరమా?"

"ఏమంటున్నావు నువ్వు?"

"ఏం లేదు. కొట్లో తప్పు పండ్లు కొన్నానని చెప్పు. సత్సుమా అనుకుని వేరేవి తెచ్చి పాకం కాచానను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అమ్మకి ఎనభై రెండేళ్లు. ఈ వయసులో ఇంతమంది ముందు..."

"నిన్ను క్షమిస్తారు," అంది మిస్ ఊయిడా. "నువ్వు పొరపాటు చేశావంటే ఎవరూ ఆశ్చర్యపోరు కూడా."

ఇరవై ఆరేళ్లలో ఆవిడ నాతో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఔననలేదు, కాదనలేదు. నాకు క్లోటీ కావాలి. ఆమె లేచి కూర్చుంటే, ఆ ఒక్కటి జరిగితే, తప్పు పండ్లు కొన్నానని ఊరంతా తిరిగి చెప్పడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. నిజంగా ఉన్నాను. కారెక్కి ఆసుపత్రికి బయల్దేరాను.

వెయిటింగ్ హాల్లో మా చర్చి సగం దిగింది. మా వాళ్లు ఎక్కడికైనా తిండి లేకుండా రారు. అల్యూమినియం రేకు కప్పిన ట్రేలు కుర్చీల మీద పెట్టుకుని, మనుషులు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే మాటలు ఆగాయి. నేను ఒక మూల గోడకి ఆనుకున్నాను. కాసేపటికి హార్లన్, వాళ్లమ్మ వచ్చారు. ఆవిడకి నలుగురు లేచి కుర్చీ ఇచ్చారు.

గంటన్నర గడిచింది. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. పియానో లేక స్వరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండో వరుస దగ్గరే ఆపేశారు.

నాలుగు దాటాక డాక్టర్ ఫైస్ట్ బయటికి వచ్చింది. నేననుకున్నంత పెద్దావిడ కాదు. మాస్కు చేతిలో నలిపేసి ఉంది. ఆవిడ నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

"గుండె రెండుసార్లు ఆగింది," అంది. "ఒకసారి తెప్పించగలిగాం. రెండోసారి..." తల అడ్డంగా ఊపింది.

ఎవరో బావురుమన్నారు. మిస్ ఊయిడా. కుర్చీలోంచి కిందికి జారిపోయి, "క్లోటీ! నా క్లోటీ!" అని నేల మీద కొట్టుకుంది. అది నటన కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ ఏడుపు నిజం.

"ఇంకాస్త ముందు తెలిసి ఉంటే?" అన్నాను డాక్టర్‌తో.

అబద్ధం చెప్పాలని ఆవిడ కాసేపు ప్రయత్నించినట్టుంది. "వచ్చిన వెంటనే ఆ మాత్రకి విరుగుడుగా కాల్షియం మొదలుపెట్టేవాళ్లం," అంది. "ఆ గంటన్నరా మేం గుండె వైపు వెతికాం."

కోయ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని నోటుబుక్ తెరిచాడు. అతనికి పియానో నేర్పింది కూడా క్లోటీయే. రెండు నెలలు నేర్చుకుని మానేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను కాగితం రాయాలి," అన్నాడు. "రోల్స్‌లో పుల్లనారింజ ఉంది. ఎలా వచ్చింది?"

నేను నోరు తెరిచేలోపు హార్లన్ అందుకున్నాడు.

"పొరపాటు జరిగింది కోయ్. మా ఆవిడ కొట్లో సత్సుమా అనుకుని వేరేవి కొనుక్కొచ్చింది. అవి ఇవి ఒకేలా ఉంటాయి కదా. వాటితోనే పాకం కాచేసింది. పాపం తెలిసి చేసింది కాదు."

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. తిట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. వెర్లీన్ హాడ్జ్ కూడా ముక్కు తుడుచుకుని, "అయ్యో, పిచ్చిదానా," అంది. ఒకావిడ వచ్చి నా చేతిలో కాగితం రుమాలు పెట్టింది. బ్రదర్ లైల్ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సిస్టర్ రెనెటా, దేవుడు మన హృదయం చూస్తాడు, పొరపాట్లు చూడడు. ఈ చర్చిలో నీ మీద ఎవరూ రాయి వెయ్యరు. నేను మాటిస్తున్నాను."

క్షమించడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. చేతులు చాచి నిలబడ్డారు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆ ఊరు నన్ను దగ్గరికి తీసుకుంటోంది. నేను చెయ్యాల్సిందల్లా తల ఊపడం.

మిస్ ఊయిడాని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్లు విసురుతున్నారు. వాళ్ల మధ్య నుంచి నన్ను చూసింది. కళ్లనిండా నీళ్లతో, మెల్లగా, నేను ఏదో మంచి పని చేస్తున్నట్టు తల ఊపింది.

"అంతేనా రెనెటా?" అన్నాడు కోయ్. "నువ్వే కొన్నావా? పాకం కాచింది నువ్వేనా?"

"అంతే," అన్నాడు హార్లన్. నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. "ఇంక వదిలెయ్ కోయ్. ఇంటికి తీసుకెళ్తాను."

"నిన్ను కాదు హార్లన్. తనని అడిగాను."

మోచెయ్యి విడిపించుకున్నాను. బ్రదర్ లైల్ చేతుల్లోంచి నా చేతులు కూడా తీసుకున్నాను. ఆయన మొహంలో ఓదార్పు నవ్వు ఇంకా అలాగే ఉంది.

"నేను ఏ పండూ కొనలేదు," అన్నాను. "అవి మా పెరట్లోవి. మీరు మూడు ఆదివారాలు ప్రసంగం చేసిన చెట్టువి, బ్రదర్ లైల్. వెళ్లి మొదలు చూడండి, సత్సుమా చచ్చిపోయి నాలుగేళ్లయింది. డాక్టర్‌కి ఖాయంగా అని చెప్పింది మాత్రం నేనే, అది రాసుకో కోయ్. ఆ మాట నాదే."

"రెనెటా, నోరు మూసుకో," అన్నాడు హార్లన్.

విసరడం ఆగిపోయింది. మిస్ ఊయిడా ఏడుపు కూడా ఆగిపోయింది. కారిడార్‌లో ఎక్కడో చక్రాల మంచం తోసుకెళ్తున్న చప్పుడు.

"మరి పాకంలో వేసిందెవరు?" అన్నాడు కోయ్. పెన్ను కాగితం మీద ఆనించి ఆగాడు.

"ఆ మాత్ర తనూ వేసుకుంటుంది కాబట్టి తను తినడం మానేసి, క్లోటీకి సీసా నింపి ఇచ్చిన మనిషి. డాక్టర్ అడుగుతుంటే పక్కన నిలబడి విన్న మనిషి," అన్నాను. "ఊయిడా సగ్స్."